పరిహారం పడిన మర్నాడే ఫోన్

సంపాదకుల వారికి నమస్కారం.

హైవే కోసం మా నాన్నగారి రెండెకరాలు పోయాయి. పరిహారం ఖాతాలో పడిన మర్నాడు పొద్దున్నే, ఇంకా మేం చుట్టాలక్కూడా చెప్పకముందే, బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది, "బాబాయ్ గారూ, అంత డబ్బు ఊరికే ఉంచితే ఎలా, ఒకసారి రండి" అని. వెళితే కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి, ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిదేనని చెప్పి, పెన్సిల్‌తో టిక్కు పెట్టిన చోటల్లా సంతకాలు చేయించుకున్నారు. తీరా అది యూలిప్ పాలసీ, అంటే కట్టిన డబ్బులో కొంత బీమాకు, మిగతాది షేర్ మార్కెట్ లాంటి వాటిలోకి పోయేది. ఏటా కట్టాలని, ఐదేళ్లదాకా తీయడానికి వీల్లేదని నేను కాగితాలు చదివితేగానీ తెలియలేదు. పాలసీ చేతికొచ్చిన 30 రోజుల్లో వద్దని తిరిగి ఇచ్చేయొచ్చు కాబట్టి బయటపడ్డాం.

బ్యాంకుకు తెలియకుండా డబ్బు దాచలేం, ఆదాయపు పన్ను శాఖ దగ్గర దాచకూడదు కూడా. కానీ మా ఖాతాలోని అంకె ఇంకొకరి అమ్మకాల టార్గెట్ ఎందుకవ్వాలి? ఆ వారంలోనే ఊరంతా పొక్కింది, అప్పు అడిగినవాళ్లకు లేదనలేక నాన్నకు రాత్రిళ్లు నిద్ర లేదు.

భూమి పోయిన రైతులూ, డబ్బు పడగానే ఎక్కడా సంతకం పెట్టకండి, నెల్లాళ్లు ఎవరికీ చెప్పకండి. బ్యాంకు మునిగితే డిపాజిట్ బీమా కింద ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకే వస్తుంది, రెండు మూడు చోట్ల పెట్టుకోండి. పరిహారం ఇచ్చే రోజునే అధికారులు ఈ ముక్క రైతులకు చెప్పాలి.

– ఒక రైతు కూతురు, పల్నాడు జిల్లా