అమ్మ బొమ్మలో క్యాలెండర్ ఎందుకు ఉండదంటే

అక్కా,

ఇది ఫోన్లో చెప్తే సగం విని "సరేలేరా" అనేస్తావని రాస్తున్నా. అమ్మ బొమ్మ ఆయిల్‌లో వేస్తానన్నా కదా, ఇంకా రంగు ట్యూబులు మూత కూడా తియ్యలేదు. నువ్వు పంపిన ఫోటోల్లో అమ్మ చేట పట్టుకుని బియ్యం ఏరుతున్నది నాకు బాగా నచ్చింది, బొమ్మ అదే వేస్తా, కాకపోతే దాంట్లో ఒక పక్క ట్యూబ్‌లైట్, ఒక పక్క పెరటి తలుపు తీసుంది, పైగా ఫోన్ దాని తెలివి అది చూపించి నీడలన్నీ తెల్లగా చేసేసింది, దాంతో అమ్మ మీదా ఫ్రిజ్ మీదా గోడ మీదా ఒకటే వెలుగు, ఎక్కడ చూడాలో కంటికి తెలీట్లేదు.

బొమ్మ చిన్నదే, 18 బై 24 సెంటీమీటర్ల చెక్క, అడ్డంగా. అంత చిన్నదానికి ఇంత ఆలోచనెందుకు అంటావేమో, చిన్నదానికే ఎక్కువ కావాలి, దాచుకోడానికి చోటు ఉండదు. అందుకని రాత్రి వంటయ్యాక కూర్చుని కాగితం మీద 6 సెంటీమీటర్ల వెడల్పు, నాలుగున్నర ఎత్తు డబ్బాలు గీసుకుంటున్నా (చెక్క కొలతలో సరిగ్గా నాలుగో వంతు, ఆ లెక్క తప్పితే తర్వాత పెద్దది చేసినప్పుడు ఏదో ఒకటి అంచు దాటిపోతుంది). ఒక్కో డబ్బాలో మూడే టోన్లు, కాగితం తెలుపు, మధ్యలో బూడిద, 6బీ పెన్సిల్ గట్టిగా నొక్కితే వచ్చే నలుపు. ముక్కూ మొహం ఏమీ ఉండవు, బావగారు చూస్తే ఇదేం బొమ్మ, బొగ్గు మరకలా ఉంది అంటారు.

మొదట గోడ ఫోటోలో ఉన్నట్టే తెల్లగా ఉంచా, అమ్మ జుట్టు కూడా తెలుపే కదా, తల కాస్తా గోడలో కలిసిపోయింది. పక్క డబ్బాలో గోడని నల్లగా నింపేసరికి జుట్టు ముందుకొచ్చింది, చెంప అంచు వచ్చింది, వెనక వైపు ముదురాకుపచ్చ చీర చీకట్లో కలిసిపోయింది, కలిసిపోనీ, వీపు గీత అంతా కనపడక్కర్లేదు, కూర్చున్నదని తెలిస్తే చాలు. అసలు తంటా బియ్యంతో వచ్చింది. తెల్లవే కదా అని తెల్లగా వదిలేస్తే కన్ను చేట దగ్గరే ఆగిపోతుంది, మొహం దాకా వెళ్ళదు. కళ్ళు సగం మూసి ఫోటో చూస్తే అర్థమైంది, చేట తన వైపు వంచుకుంటుంది కాబట్టి ఇవతల బియ్యం నీడలో ఉన్నాయి, నీడలో ఉన్న తెలుపు ఎండ తగిలిన ఆకుపచ్చ భుజం కంటే డల్‌గానే ఉంటుంది. కాబట్టి బియ్యానికి బూడిదే, వేళ్ళు ఆనిన చోట మాత్రం ఒక సన్న చార తెలుపు. ఇప్పుడు నలుపు ఎక్కువ, బూడిద కొంత, తెలుపు కాస్తంత. మూడూ సమానంగా ఉంటే బొమ్మ చప్పగా ఉంటుంది.

ఇక బావగారు గోడ మీద క్యాలెండర్ కూడా వెయ్యమన్నారు కదా, ఆయనకి ఈ సంగతి చెప్పు. ఇక్కడ పక్కనే ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియంలో వెర్మీర్ అనే పాతకాలపు డచ్ చిత్రకారుడు వేసిన బొమ్మ ఉంది, పాలు పోస్తున్న పనమ్మాయి, 1660 ప్రాంతంలోది, ఎత్తు 45 సెంటీమీటర్లు పైచిలుకు అంతే. 2022లో మ్యూజియం వాళ్ళు రంగు కింద ఏముందో స్కాన్ చేసి చూస్తే, చీకటి భాగాలు ఎక్కడ రావాలో ముందు నల్ల రంగుతో గబగబా పెట్టేసుకున్నాడని తెలిసింది, అంతేకాదు ఆ అమ్మాయి తల వెనక గోడకి జగ్గులు తగిలించే చెక్క ఒకటి, కింద నిప్పుల బుట్ట ఒకటి మొదలుపెట్టి తర్వాత కప్పేశాడు. ఇప్పుడు తల వెనక ఉత్త గోడే. అంతటివాడే జగ్గులు తీసేస్తే మన కిరాణా కొట్టు క్యాలెండర్ ఎంత!

సంక్రాంతికి తెస్తావా అని అమ్మ అడిగింది, కుదరదు. స్కెచ్ ఖాయమయ్యాక చెక్క మీద అంబర్ అనే మట్టి గోధుమ రంగు టర్పెంటైన్‌లో పల్చగా పూసి, వెలుగు కావాల్సిన చోట గుడ్డతో తుడిచి తీస్తా, అది తొందరగానే ఆరుతుంది. ఆ పైన వేసే పొరల్లో నూనె పెరుగుతూ పోవాలి, అడుగున నూనె ఎక్కువైతే పైది పగుళ్ళిస్తుంది. నూనె గాలి పీల్చుకుని గట్టిపడాలి కాబట్టి టైం పడుతుంది, వార్నిష్ కొట్టడానికి ఎంత లేదన్నా 6 నెలలు ఆగాలి. పైగా ఇక్కడ డిసెంబర్లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతుంది, రంగు కలపడం శని ఆదివారాల్లోనే.

నీకు పని ఏంటంటే, ఇంకో ఫోటో కావాలి. పొద్దున్నే ట్యూబ్‌లైట్ ఆపేసి పెరటి తలుపు ఒక్కటే తీసి, అమ్మని దానికి పక్కగా కూర్చోబెట్టు, ఎదురుగా వద్దు. ఫోన్లో హెచ్‌డీఆర్ ఆపెయ్ (నీడల్ని తెల్లగా చేసేది అదే), జుట్టు మీద వేలు నొక్కి వెలుగు కొంచెం తగ్గించు, నీడలు నల్లగా వస్తే రానీ. నువ్వు నిలబడి పైనుంచి తియ్యకు, పీట వేసుకుని నాలుగడుగులు దూరం నుంచి కొద్దిగా జూమ్ చేసి తియ్యి, దగ్గరగా తీస్తే చేతులు పెద్దవైపోతాయి. పిల్లల్ని దామెర్ల రామారావు గ్యాలరీకి కూడా ఒకసారి తీసుకెళ్ళవే, రాజమండ్రిలోనే ఉండి చూడకపోవడమేంటి, 28 ఏళ్ళు నిండకుండానే పోయినాయన ఎన్ని మనుషుల బొమ్మలు వేశాడో చూస్తారు, కళ్ళు సగం మూసి చూడమను.

పట్టుచీర వద్దని అమ్మకి నువ్వే చెప్పాలి, నా మాట వినదు. ఆ ముదురాకుపచ్చ నేతచీరే కట్టుకోమను, ఫోటో అనగానే జుట్టుకి రంగేసుకుని కూర్చుంటుందేమో, ముందే ఆపు.

నీ తమ్ముడు
హార్లెమ్