గడియారం కంటే ముందు బిళ్లల షీటు చూడండి

సంపాదకుల వారికి,

కార్తీకం వస్తోంది. సోమవారాలు చుక్క పొడిచేదాకా ఏమీ ముట్టనివాళ్లు మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఏ వీధిలో చూసినా ఉంటారు. దానికి తోడు ఇప్పుడు '16:8' ఒకటి వచ్చింది. పదహారు గంటలు కడుపు ఖాళీగా ఉంచి, మిగతా ఎనిమిది గంటల్లోనే తింటే షుగర్ దిగిపోతుందని ఫోన్లో వీడియో చూసి, మర్నాటి నుంచే టిఫిన్ మానేస్తున్నారు. టిఫిన్ మానేస్తున్నారు గానీ, టిఫిన్‌కి ముందు వేసుకునే బిళ్ల మాత్రం మామూలుగానే మింగుతున్నారు. చిక్కంతా అక్కడే.

షుగర్ బిళ్లలన్నీ ఒకటి కావు. షీటు వెనక్కి తిప్పి, పెద్దక్షరాల్లో కంపెనీ పెట్టిన పేరు వదిలేసి, కింద చీమతలకాయంత అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు చదవాలి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఉంటే షుగర్ పడిపోయే భయం తక్కువ. సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్ కూడా దాదాపు అంతే. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ కనబడితే ఆగాలి. మనం తిన్నామా లేదా అన్నది వీటికి పట్టదు. క్లోమం చేత ఇన్సులిన్ వదిలిస్తూనే ఉంటాయి. మనవాళ్లలో చాలామంది వేసుకునేది గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిపిన బిళ్ల. పేరు చివర 'ఎం1', 'ఎం2' అని ఉండేవాటిలో ఆ అంకె సాధారణంగా గ్లిమెపిరైడ్ మిల్లీగ్రాములది. పొద్దున్న ఏడింటికి 'ఎం2' మింగి, ఉత్త టీ తాగి పొలానికో జీడిపప్పు ఫ్యాక్టరీకో వెళ్తే, పదకొండు గంటలకి చేతులు వణకడం, ఒళ్లంతా చెమట, మాట తడబడటం మొదలవ్వొచ్చు. బీపీకో గుండెకో అటెనొలాల్, మెటోప్రొలాల్ వాడేవారికి వణుకూ దడా తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది, దాన్ని నమ్మండి.

వేలు పొడిచి చూసే షుగర్ మీటర్లో 70 కంటే తక్కువ ఉంటే మూడు చిన్న చెంచాల పంచదార అరగ్లాసు నీళ్లలో కలిపి తాగించాలి. పదిహేను నిమిషాలాగి మళ్లీ చూడాలి, ఇంకా 70 దాటకపోతే మళ్లీ ఇవ్వాలి, దాటాక అన్నం పెట్టాలి. కంగారులో చాలామంది బిస్కట్లో చాక్లెట్టో ఇస్తారు. వాటిలోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. స్పృహ లేనివాళ్ల నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. గ్లిబెన్‌క్లమైడ్ వాడేవారైతే, తేరుకున్నారు కదా అని ఇంట్లో ఉంచకండి. ఆ మందు ఒక రోజంతా పనిచేస్తుంది, సాయంత్రానికి మళ్లీ పడిపోవచ్చు.

ఇన్సులిన్‌లో 30/70 మిశ్రమం (త్వరగా పనిచేసేదీ, నిదానంగా పనిచేసేదీ కలిపినది) వేసుకునేవాళ్లకి ఈ 16:8 డాక్టరు లెక్క మార్చకుండా కుదరదు. పొద్దున్న వేసిన సూది మధ్యాహ్నం దాకా తిండి కోసం చూస్తుంది.

ఇంకో రకం ప్రమాదం డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్‌తో. 2020లో పేటెంటు గడువు తీరాక డాపాగ్లిఫ్లోజిన్ చవకైంది, వాడకమూ పెరిగింది. ఈ రెండు మందులూ చక్కెరను మూత్రంలో పంపేస్తాయి. తిండీ నీళ్లూ రెండూ మానేస్తే ఒంట్లో కీటోన్లు (కొవ్వు కరిగితే పుట్టే ఆమ్లాలు) పేరుకుని వాంతులు, కడుపునొప్పి, ఆయాసం రావచ్చు. మీటర్లో అంకె పెద్దగా పెరగకుండానే ఉండి మోసం చేయొచ్చు. 'షుగర్ బాగానే ఉందిగా' అని ఇంట్లో ఉండిపోకూడదు.

ఉపవాసంతో మేలు లేదని కాదు. 2018లో ఆస్ట్రేలియాలో 137 మంది టైప్ 2 రోగులపై ఏడాదిపాటు చూశారు. వారానికి రెండు రోజులు 500-600 కేలరీలతో సరిపెట్టినవాళ్లకీ, రోజూ కొంచెం కొంచెం తగ్గించి తిన్నవాళ్లకీ, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ ఇంచుమించు ఒకేలా తగ్గింది. అంటే పనిచేసింది తక్కువ తినడం; ఉపవాసపు రోజుల్లో ప్రత్యేక మహిమ లేదు. కణాలు తమ పాత భాగాలను తామే కరిగించి వాడుకునే తీరు (ఆటోఫజీ) మీద జపాన్ శాస్త్రవేత్త ఒసుమికి వచ్చిన 2016 నోబెల్ పేరు చెప్పి ఊదరగొడుతున్నారు గానీ, ఆయన ఆ పరిశోధన చేసింది ఈస్ట్ కణాల మీద. అది షుగర్ రోగులకి పెట్టిన టైంటేబుల్ కాదు.

చేయదలిస్తే పన్నెండు గంటలతో మొదలుపెట్టండి: రాత్రి ఏడున్నరకి భోజనం ముగించి, పొద్దున్న ఏడున్నరకి టిఫిన్. రెండు వారాలు సవ్యంగా సాగితే, డాక్టరుకి చెప్పి పద్నాలుగుకి వెళ్లొచ్చు. మొదటి వారం లేచాక, పదకొండింటికి, భోజనం మొదలెట్టిన రెండు గంటలకి మీటర్లో చూసుకోవాలి. చేతులు కడిగి తుడుచుకోకుండా పొడిస్తే, వేలికంటిన బెల్లమో పండురసమో అంకెను పెంచేస్తుంది. మన సముద్రపు గాలికి స్ట్రిప్పుల డబ్బా మూత తీసి ఉంచితే అవీ పాడవుతాయి. రాత్రి తినకపోయినా పొద్దున్న 160 వచ్చిందని బెంబేలెత్తకండి. తెల్లవారుజామున కాలేయం తన నిల్వలోంచి చక్కెర వదులుతుంది.

చోడి (రాగి) అంబలి ఉపవాసంలోకి రాదు. గ్లాసులో రెండు పెద్ద చెంచాల పిండి ఉన్నా పదిహేను గ్రాముల పిండిపదార్థం, నూక వేస్తే ఇంకా ఎక్కువ. అసలు మన చాలా ఇళ్లల్లో ఉపవాసమంటే అన్నం మాని అట్లు తినడమే! చుక్క చూశాక ముందు కూర, పప్పు తిని, తర్వాత అన్నం ఒక కప్పు పెట్టుకోండి. ఆ కప్పులోనే నలభై గ్రాముల పైచిలుకు ఉంటుంది. ఆ సోమవారం బిళ్ల సంగతి వారం ముందే డాక్టరునడగాలి. సాధారణంగా దాన్ని తినే పూటకి మారుస్తారు, లేదా మోతాదు తగ్గిస్తారు. మనంతట మనమే మానేస్తే రాత్రి పులిహోరతో షుగర్ ఒక్కసారిగా ఎగబాకుతుంది.

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంవైపు వాళ్లు, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఎవరైనా సరే, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోకుండా ఉపవాసం జోలికి పోవద్దు. మూత్రపిండాలు దెబ్బతింటే ఇన్సులిన్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటివి ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోతాయి. ఎండలో పనిచేస్తూ నీళ్లు మానడం ఆ మూత్రపిండాలకి రెండో దెబ్బ. సీతంపేట వైపు సికిల్ సెల్ అనే ఎర్రరక్తకణాల జబ్బు ఉన్నవారికి హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే తక్కువ చూపొచ్చు, వారు మీటర్ అంకెలే నమ్మాలి. టైప్ 1 వారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, బక్కపలచని వృద్ధులు దీనికి దూరంగా ఉండాలి.

మీ ఆరోగ్య పేజీలో ఉపవాసం గురించి వేసినప్పుడల్లా గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్, ఇన్సులిన్, డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే ఆరు పేర్లు తెలుగులో, పక్కనే ఇంగ్లీషులో, ఒక చిన్న పెట్టెలో అచ్చేయండి. షీటు మీద ఇంగ్లీషే ఉంటుంది. చదువు రానివాళ్లయినా పేపరు పక్కన షీటు పెట్టి అక్షరాలు పోల్చుకోగలరు.

— ఇద్దరు ఫార్మసిస్టులు, శ్రీకాకుళం జిల్లా