పెట్రోలు ముల్లు లేపిన అన్నకు

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర పేరు కూడా చెప్పకుండా వెళ్లిపోయిన అన్నా, నీకు దండం. మా కారు ట్యాంకులో పెట్రోలున్నా ముల్లు ‘ఇ’ (ఖాళీ గుర్తు) దగ్గరే పడుకుంటే మీటరు మొత్తం మార్చాల్సిందే అన్నారు అందరూ. నువ్వేమో వెనక సీటు లేపి, ట్యాంకు మీది సెండర్ (పెట్రోలు ఎంతుందో మీటరుకు చెప్పే భాగం) కనెక్టర్ పీకి, తాళం ఆన్ చేసి, మీటరుకు పోయే గేజి వైరును రెండు క్షణాలు బండి బాడీకి తాకించి ఎర్త్ చేశావు. ముల్లు నిదానంగా ‘ఎఫ్’ (నిండు గుర్తు) వైపు లేచింది. అంటే మీటరూ వైరూ బాగున్నాయి, జబ్బు ట్యాంకులోనే. కంప్యూటరు లెక్క చూసే కొత్త బండ్లలో మాత్రం ఇట్ల చేయొద్దన్నావు, అదీ గుర్తుంది.

నువ్వు చెప్పినట్టే ఆరుబయట, ట్యాంకు సగానికి తక్కువున్నప్పుడు, బ్యాటరీ నెగటివ్ ఊడదీసి సెండర్ బయటికి తీశాం. మల్టీమీటరు పెట్టి ఫ్లోటును (పెట్రోలు మీద తేలే బుడ్డిని) మెల్లగా లేపితే ఓమ్‌లు (కరెంటుకు అడ్డు ఎంతో చెప్పే లెక్క) వరుసగా మారాలి కదా, నడుమ రెండు చోట్ల లైనే తెగిపోయింది. సెండర్‌లో ఆ ఓమ్‌లు మార్చే పట్టీ మీద నల్లటి జిగురు, దానిమీద జరిగే సన్న రేకు వదులు. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, రేకును వెంట్రుకవాసి వంచాం. తుప్పుపట్టిన ఎర్త్ కొసను ఎమ్రీ పేపరుతో రుద్దాం. రబ్బరు వాషరు కొత్తదే వేశాం, పాతది వేస్తే పెట్రోలు వాసన లోపలికి కొడుతుంది. ఖర్చంతా ఆ వాషరుదీ, స్ప్రేదీ.

టీ కూడా తాగకుండా పోతివే అన్నా!