పురపాలక మంత్రి గారూ, ముందు మా గ్యారేజీల తలుపులు తీయించండి

గౌరవనీయ పురపాలక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మా గ్యారేజీలో ఏమేం ఉండేవో ముందు చెప్పేస్తాను. కోడు విరిగిన పాత మంచం, పిల్లలు తొక్కడం మానేసిన రెండు సైకిళ్లు, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన టైల్స్, మోటారు కాలిపోయిన వాషింగ్ మెషీన్, ఎవరికైనా ఇద్దామని కట్టిపెట్టిన పుస్తకాల అట్టపెట్టెలు. లేనిదల్లా కారు. అది వీధిలో ఉండేది. ఈ ఉత్తరం ఇరుగుపొరుగు మీద చాడీ అని మీరు పొరబడకూడదనే నా సంగతితో మొదలుపెట్టాను.

మా వీధి సంక్షేమ సంఘానికి మూడేళ్లు కార్యదర్శిగా చేశాను. నీళ్లు రాలేదని, దీపాలు వెలగలేదని వచ్చినవాళ్లకంటే ‘మా గేటు ముందు ఎవడో బండి పెట్టి పోయాడు’ అంటూ వచ్చినవాళ్లే ఎక్కువ. పక్కపక్క ఇళ్లలో పదేళ్లుగా కలిసిమెలిసి ఉన్నవాళ్లు ఒక స్కూటర్ దగ్గర మాటా మాటా అనుకుని, ఆ తర్వాత ఒకరి ఇంట్లో పెళ్లికి ఇంకొకరు వెళ్లకపోవడం చూశాను.

మా వీధిలో ఒక గేటుకు బోర్డు ఉంది. నీలం రంగులో, గుండ్రటి అక్షరాలతో ‘దయచేసి గేటు ముందు వాహనాలు నిలపవద్దు’ అని రాసి ఉంటుంది. దాని కింద, తర్వాత ఎప్పుడో ఎర్ర రంగుతో గబగబా రాసిన ఇంకో వాక్యం: ‘నిలిపిన యెడల గాలి తీయబడును’. ఆ రెండు వాక్యాల మధ్య ఆ ఇంటాయన ఓపిక ఎన్నేళ్లకు కరిగిందో గానీ, ఆ కర్మణి ప్రయోగం మాత్రం గొప్పది. గాలి తీయబడుతుంది, ఎవరు తీస్తారో మాత్రం తెలియదు. మీ శాఖ తరఫున చేయాల్సిన పని ఎవరూ చేయకపోతే జనం ఇలాంటి వ్యాకరణాన్నే ఆశ్రయిస్తారు.

గేటుకు అడ్డంగా పెట్టకూడదన్నది కొత్త నియమమేమీ కాదు. రోడ్డు రవాణాపై 1968లో కుదిరిన వియన్నా ఒప్పందం 23వ అధికరణంలోనే ఇళ్లలోకి వాహనాలు వెళ్లే దారి ముందు పార్కింగ్ చేయకూడదని ఉంది. సరిగ్గా నిలిపి ఉన్న బండి బయటికి రాకుండా ఇంకో బండి అడ్డం పెట్టకూడదనీ అక్కడే ఉంది. ఈ రెండోదే మనం ఎక్కువగా మర్చిపోయేది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చోటు చాలక ఒకదాని వెనక ఒకటి పెట్టుకోవాల్సి వస్తే తప్పనడం లేదు. కానీ హ్యాండ్‌బ్రేక్ వేసి, తాళం జేబులో పెట్టుకుని, ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకుంటే ఎలా? అద్దం మీద ఫోన్ నంబరు రాసి పెట్టినా సగం గొడవలు తగ్గుతాయి. ఇలాంటివి మేం మేం చూసుకోవాల్సినవి, వీటి కోసం మిమ్మల్ని ఇబ్బంది పెట్టను.

గేటుకు అవతలి వైపున పెట్టే బండి సంగతి మాత్రం మీరు చూడాలి. ‘మీ గేటు ముందు కాదుగా, ఎదురుగా పెట్టాను’ అంటారు. మామూలు కారు మలుపు తిరగాలంటే ఐదు మీటర్లకు అటూ ఇటూ వ్యాసార్ధం కావాలి. సన్న వీధిలో ఎదురుగా బండి ఉంటే గేటు తెరిచి ఉన్నా కారు బయటికి రాదు. ఆరు మీటర్ల రోడ్డునే తీసుకోండి. రెండు పక్కలా కార్లు పెడితే, ఒక్కోటి 1.8 మీటర్లు అనుకున్నా, మధ్యలో మిగిలేది 2.4 మీటర్లు. ఫైరింజన్ వెడల్పే సుమారు రెండున్నర మీటర్లు. అద్దాలు కలపకుండానే! అలాంటి వీధిలో అగ్నిమాపక సిబ్బంది గొట్టాలు మోసుకుంటూ నడిచి రావాల్సిందే. ఏ వీధిలో ఒక్క పక్కే పార్కింగ్ అన్నది రోడ్డు వెడల్పును బట్టి మీవాళ్లు గీత గీసి చెప్పాలి. మాలో మేం తేల్చుకోమంటే అది ఎప్పటికీ తేలదు. ‘నా వైపు కాదు, వాళ్ల వైపు’ అని ఇరవై ఇళ్లూ అంటాయి.

ఇంటి ముందు రోడ్డు తమ సొంతమే అనుకునేవాళ్ల గురించి కూడా చెప్పాలి. ఖాళీ చోటు కనిపిస్తే పూలకుండీలు, ఇటుకలు, విరిగిన కుర్చీ. ఒకాయన రెండు ఇనుప గుంజలు పాతి గొలుసు కట్టాడు. గేటు నుంచి ర్యాంపును రోడ్డు మధ్య దాకా పోసి, పక్క కాలువ పూడ్చేసినవాళ్లున్నారు. వాళ్ల గేటు వెడల్పు మేర వచ్చే పోయే దారి హక్కు వాళ్లకుంది, కాదనను. మిగతా అంచంతా ఊరిది. అక్కడ ఎవరైనా మర్యాదగా బండి పెట్టుకుంటే ‘ఇది మా ఇల్లండీ’ అని దబాయించడానికి లేదు.

ఇంతకీ నా కారు సంగతి. ఒకసారి వరుసగా రెండు రోజులు చెత్త బండి రాలేదు. నాకు ఒళ్లు మండి, కార్యదర్శి హోదాలో ఫోన్ చేసి గట్టిగానే మాట్లాడాను. మూడో రోజు బండి నడిపే అబ్బాయి స్వయంగా వచ్చి, ‘సార్, వీధి మూల మీద తెల్ల కారు ఎవరిదో తీయించండి, బండి తిరగట్లేదు’ అన్నాడు. ఆ తెల్ల కారు నాదే. వీధిలో అందరికీ ఆ సంగతి తెలుసు. కార్యదర్శి గారితో ఎందుకొచ్చిన గొడవ అని ఎవరూ చెప్పలేదట. ఆ అబ్బాయి ముఖం చూడలేక తాళాలు తెచ్చుకుని కారు తీశాను.

ఆ ఆదివారమే గ్యారేజీ తలుపు తీశాను. ఈ జబ్బు నా ఒక్కడిదే కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు లాస్ ఏంజెలెస్‌లో 32 కుటుంబాల ఇళ్లను దగ్గరగా పరిశీలించినప్పుడు, గ్యారేజీల్లో నాలుగింట మూడు వంతులు సామాన్లతో నిండిపోయి కారుకు చోటే లేకుండా ఉన్నాయట. మా వీధిలో సామాన్లతో ఆగలేదు. ఒక గ్యారేజీ టైలరింగ్ షాపు అయింది, ఒకటి అద్దెగది అయింది. ప్లాన్ ఆమోదం పొందిన రోజున మాత్రం అవన్నీ గ్యారేజీలే!

నేను మిమ్మల్ని అడిగేది ఇక్కడే ఉంది. జపాన్‌లో 1962 నాటి చట్టం ప్రకారం కారు నమోదు కావాలంటే ముందు దాన్ని పెట్టుకునే చోటు ఉందని పోలీసుల ధ్రువపత్రం చూపించాలి. ఆ చోటు ఇంటికి రెండు కిలోమీటర్ల లోపు ఉండాలి. అంత పని రేపే చేయమనను. పాత ఇళ్లవాళ్లు, అద్దెకుండేవాళ్లు ఎక్కడికి పోతారు? కానీ గ్యారేజీ కడతామని ప్లాన్‌లో చూపించి అనుమతి తీసుకున్న నాలాంటివాళ్లను అడగొచ్చు కదా. ఇంటి పన్ను కట్టేటప్పుడు ‘మీ పార్కింగ్ స్థలంలో వాహనం పడుతోందా’ అని ఒక ప్రశ్న పెట్టండి. పదిళ్లకు ఒక ఇంటికి మనిషిని పంపి చూడండి. జరిమానా చివర్లో ఆలోచించవచ్చు, ముందు చూడటమంటూ జరగాలి. అనుమతులిచ్చేటప్పుడు కొలతలు కూడా సరిచూడండి. కార్లు ఏటికేడు వెడల్పవుతున్నాయి. మా గ్యారేజీలో కారు పెట్టాక తలుపు పూర్తిగా తెరుచుకోదు. మా ఆవిడ బయటే దిగి, నేను పక్కకు ఒరిగి బయటపడతాను.

ఇంకొక్కటి. గేటుకు అడ్డంగా బండి ఉన్నప్పుడు దాని నంబరు పంపితే, యజమానికి ‘మీ బండి తీయండి’ అని మెసేజ్ వెళ్లే ఏర్పాటు చేయించండి. మా ఫోన్ నంబర్లు వాళ్లకు, వాళ్లవి మాకు తెలియాల్సిన పని లేదు. ఆ వివరాలు రవాణా శాఖ దగ్గర ఉంటాయి, మీరొక మాట చెబితే చాలు. ఆ మెసేజ్ వెళ్లిన అరగంటకూ కదలకపోతే అప్పుడు క్రేన్ పంపండి.

మంచం ఇంకా గ్యారేజీలోనే ఉంది. గోడకు నిలబెట్టాను, కారు పడుతోంది. మీ సిబ్బంది ఎప్పుడొచ్చినా తలుపు తీసి చూపిస్తాను.

ఇట్లు,
తెల్ల కారు యజమాని, మాజీ కార్యదర్శి