లేబర్ రూమ్ తలుపు దగ్గర అమ్మను ఆపకండి

సంపాదకులకు నమస్కారం.

సిజేరియన్లు ఎక్కువైపోతున్నాయని మీ జిల్లా పేజీల్లో తరచూ రాస్తుంటారు. మంచిదే, రాయాల్సిందే. కానీ ఆ వార్తల్లో డాక్టర్లు, ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు, ముహూర్తం పెట్టించుకుని మరీ ఆపరేషన్‌కి వెళ్లే కుటుంబాలు తప్ప ఇంకేమీ ఉండదు. నొప్పులు పడుతున్న అమ్మాయి పక్కన ఆ సమయంలో ఎవరున్నారు, అసలు ఎవరినైనా ఉండనిచ్చారా అని ఎవరూ అడగరు. నా ఉత్తరం దాని గురించే.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు జరిగేటప్పుడు గర్భిణి పక్కన ఆమె బంధువు ఒకరిని ఉండనివ్వాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది. దానికి పెట్టిన షరతులు కూడా న్యాయంగానే ఉన్నాయి. వచ్చే ఆమె తనూ కాన్పు నొప్పులు పడినదై ఉండాలి, అంటువ్యాధులు ఉండకూడదు, శుభ్రమైన బట్టలు వేసుకోవాలి, కాన్పు అయ్యేదాకా కదలకుండా ఉండాలి, డాక్టర్ల పనికి అడ్డు రాకూడదు, పక్క టేబుల్ మీదున్న వాళ్ల జోలికి వెళ్లకూడదు. గదిలో మరుగు సరిగ్గా ఉన్నచోట భర్తను కూడా రానివ్వచ్చని ఉంది. తమిళనాడులో అయితే 2004 నుంచే ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ పద్ధతి మొదలుపెట్టారు. ఇది మనకి కాగితం మీద ఉందన్న సంగతి కూడా చాలామందికి తెలీదు, తెలియనప్పుడు అడిగేదెవరు?

నేను అంగన్‌వాడీ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. కడుపుతో ఉన్న పిల్ల పేరు రాసుకున్న రోజు నుంచి ఆమె వెనకాల ఎంతమంది తిరుగుతారో నాకు తెలుసు. కేంద్రానికి పిలిచి భోజనం, గుడ్డు, పాలు ఎదురుగా కూర్చోబెట్టి తినిపిస్తాం, ఎందుకంటే ఇంటికిస్తే ఆ గుడ్డు పెద్ద పిల్లాడి పళ్లెంలోకి పోతుంది. ఐరన్ మాత్రలు మింగుతోందా, దిండు కింద దాస్తోందా చూడాలి. ఏఎన్ఎం వచ్చి బీపీ చూస్తుంది, రక్తం చూస్తుంది. ఆశా అయితే స్కానింగ్‌కి వెంట వెళ్తుంది, అత్తగారికి నచ్చజెబుతుంది, అర్ధరాత్రి నొప్పులొస్తే ఫోన్ వెళ్లేది ఆమెకే, 102 బండిని పిలిపించి అందులో ఎక్కి కూర్చునేదీ ఆమే. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశపు ఆశాలందరికీ కలిపి అవార్డు ఇచ్చింది, గుర్తుందా? అలాంటి ఆశా, తొమ్మిది నెలలూ ఆ పిల్ల భయాలన్నీ విన్న మనిషి, లేబర్ రూమ్ దాకా వచ్చాక బయట బెంచీ మీద కూర్చోవాలి. తల్లి కూడా అదే బెంచీ మీద. లోపల ఆ పిల్ల ఒక్కతే, ముక్కూ మొహం తెలియని వాళ్ల మధ్య.

మా చెల్లెలి కూతురి తొలికాన్పుకి నేనూ ఆ బెంచీ మీదే ఉన్నాను. ఆసుపత్రి పేరు రాయను, ఆ ఒక్క ఆసుపత్రినే అనడం నా ఉద్దేశం కాదు. తెల్లవారుజామున లోపలికి తీసుకెళ్లారు, మధ్యాహ్నం అయినా ఒక్క మాట చెప్పిన వాళ్లు లేరు. మా చెల్లెలు తలుపు దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఆయా కసిరేది, "అయితే మేమే చెప్తాం కదమ్మా, కూర్చో" అని. అమ్మాయి బయటికొచ్చాక చెప్పిన మొదటి మాట దాహమేసింది పెద్దమ్మా, ఎవరినడగాలో తెలీలేదు అని. అరిస్తే "నువ్వొక్కదానివేనా కంటున్నది" అన్నారట. ఈ మాట మన ఊళ్లలో ఎంతమంది ఆడవాళ్లు విన్నారో ఇంట్లో అడిగి చూడండి, మీకే తెలుస్తుంది.

స్టాఫ్ నర్సుల మీద నాకు కోపం లేదు. రాత్రి డ్యూటీలో ఒక్క నర్సు ముగ్గురు నలుగురిని చూసుకోవాల్సి వస్తే ఒకరి బిడ్డ తల బయటికొస్తుంటుంది, ఇంకొకరికి ఉమ్మనీరు పోతుంటుంది, మధ్యలో కేస్ షీట్లు రాయాలి, పైనుంచి ఫోన్లు. వీపు నిమురుతూ, నడిపిస్తూ, గుక్కెడు నీళ్లు తాగిస్తూ, "ఇంకొంచెం ఓర్చుకో తల్లీ, నేనున్నా కదా" అనడానికి ఆమెకి టైమెక్కడ? ఆ పని తల్లో, పెద్దమ్మో, వదినో, ఆశానో చేస్తారు. జీతం అడగరు. రక్తం ఎక్కువ పోతుంటే పరుగెత్తుకెళ్లి నర్సును పిలిచేది కూడా పక్కనున్న మనిషే కదా.

ఇది ఆడవాళ్ల సెంటిమెంటు అని కొట్టిపారేయకండి. నొప్పుల్లో ఉన్న ఆమె పక్కన ఒక మనిషి మొదటి నుంచి చివరిదాకా ఉంటే ఏమవుతుందో పరిశోధకులు చూశారు. వేర్వేరు దేశాల్లో పదిహేను వేలమందికి పైగా ఆడవాళ్ల మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2017లో కోక్రేన్ అనే అంతర్జాతీయ పరిశోధకుల సంస్థ సమీక్ష వచ్చింది. తోడున్న వాళ్లలో మామూలు కాన్పులు పెరిగాయి, సిజేరియన్లు తగ్గాయి, నొప్పులు పడే సమయం కూడా కొంత తగ్గింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆమె కోరుకున్న మనిషిని తోడు ఉంచమనే చెబుతోంది. ఇక మన లెక్కలు చూడండి, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తోడు మనిషిని ఉంచినంత మాత్రాన ఈ అంకెలు అమాంతం పడిపోతాయని నేననను, దీనికి కారణాలు చాలా ఉన్నాయి. కానీ "ఈ నొప్పులు నేను పడలేను, కోసేయండి" అని ఏడ్చే పిల్లల్ని చూశాను, అందులో సగం ఒంటరిదాన్నన్న భయమే. పైసా ఖర్చు లేని మందు చేతిలో ఉండగా వాడకపోవడం ఏమిటో నాకర్థం కాదు.

పాతకాలమే బాగుండేది, మంత్రసాని వచ్చి ఇంట్లోనే పురుడు పోసేది అనే వాళ్లతో నాకు పడదు. ఆ ఇళ్లలో ఎంతమంది బాలింతలు పోయారో మా అమ్మ చెప్పగా విన్నాను. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ నూటికి 96 పైనే కాన్పులు ఆసుపత్రుల్లో జరుగుతున్నాయి, 2018-20 లెక్కల్లో లక్ష కాన్పులకు తల్లుల మరణాలు తెలంగాణలో 43, ఆంధ్రలో 45, దేశం మొత్తానికి 97. ఇది చిన్న విషయం కాదు. అయితే మంత్రసాని దగ్గర ఒక్కటుండేది, మొదలుపెట్టిన మనిషి అయ్యేదాకా కదిలేది కాదు. హైదరాబాద్‌లో స్తోమత ఉన్నవాళ్లు ఇప్పుడు డబ్బులిచ్చి డౌలాలను, అంటే కాన్పులో తోడుండే ఆడవాళ్లను, పెట్టుకుంటున్నది కూడా దానికే. ప్రభుత్వం మిడ్‌వైఫరీ శిక్షణ ఇచ్చి కాన్పుల కోసమే నర్సులను తయారుచేస్తోంది, తెలంగాణ ఆ పని 2017లోనే మొదలుపెట్టింది, చాలా సంతోషం. వాళ్లు అన్ని ఆసుపత్రులకూ వచ్చేదాకా పల్లె పిల్ల ఒంటరిగానే కనాలా?

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇందాక చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలోనే తెలంగాణలో పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు నూటికి 37 మందే. బిడ్డను తెచ్చి బయట ఉన్న బంధువుల చేతిలో పెడతారు, తల్లి లోపల ఉంటుంది, ఈలోగా ఎవరో ఒకరు తేనె నాకిస్తారు, చక్కెర నీళ్లు పోస్తారు. ముర్రుపాలు మంచివని ఏళ్ల తరబడి చెప్పీ చెప్పీ మా గొంతులు పోయాయి! లోపలే ఒక పెద్దావిడ ఉంటే బిడ్డను రొమ్ముకి పట్టించడంలో సాయం చేస్తుంది, ఆపరేషన్ అయిన తల్లికైతే అది మరీ అవసరం. ఇంటికి వెళ్లాక కూడా ఏం జరిగిందో ఆమెకు తెలిసి ఉంటుంది కాబట్టి, మూడో రోజు నుంచి నలభై రెండో రోజు దాకా ఆరుసార్లు ఇంటికొచ్చే ఆశాకి చెప్పగలుగుతుంది. (ఆ ఆరుసార్లు తిరిగినందుకు ఆశాకి జాతీయ పథకం కింద లెక్కగట్టింది 250 రూపాయలు. దీని గురించి ఇంకో ఉత్తరం రాయాలి.)

లోపలికి రానిస్తే గొడవలు చేస్తారు, ఫోన్లలో వీడియోలు తీస్తారు, ఇన్ఫెక్షన్లు వస్తాయి అంటారు. ఫోన్ బయట ఇచ్చి వెళ్లమనండి. గౌను, చెప్పులు ఇవ్వండి. పక్క టేబుల్ మీదున్న ఆమెకి సిగ్గు అన్నది మాత్రం నిజమైన అభ్యంతరం, దాన్ని నేనూ ఒప్పుకుంటాను, దానికి మధ్యలో కర్టెన్లు కట్టాలి. కర్టెన్లు తోడు మనిషి రాకపోయినా కట్టాల్సినవే కదా! 2017లో వచ్చిన లక్ష్య కార్యక్రమం పుట్టిందే లేబర్ రూములు బాగుచేయడానికి, అందులో తోడు మనిషి సంగతీ ఉంది.

మా కోరిక పెద్దదేం కాదు. ప్రతి ఆసుపత్రిలో లేబర్ రూమ్ తలుపు మీద "గర్భిణితో ఒక మహిళ లోపల ఉండవచ్చు" అని పెద్ద అక్షరాలతో తెలుగులో బోర్డు పెట్టాలి. ఆ మహిళ ఎవరో నొప్పులొచ్చిన రోజు ఆదరాబాదరాగా తేల్చకుండా, ఎనిమిదో నెలలో చెకప్‌కి వచ్చినప్పుడే ఆ పిల్లనే అడిగి కార్డులో రాయాలి. అత్తగారిని కాకుండా అక్కను కావాలంటే అక్కనే. ఇంట్లో ఎవరూ లేని పిల్లలకు, ఇటుక బట్టీల్లో పనికొచ్చిన వలస కూలీల ఆడవాళ్లకు, ఆశానే లోపలికి పంపాలి, ఆ రాత్రికి ఆమెకి విడిగా డబ్బులివ్వాలి.

మీ విలేకరులు నెలనెలా ఆసుపత్రి సూపరింటెండెంట్‌ని ఎన్ని కాన్పులు, ఎన్ని సిజేరియన్లు అని అడిగి రాస్తారు కదా. ఈసారి ఎంతమంది పక్కన తోడున్నారో కూడా అడగండి. రిజిస్టర్‌లో ఆ గడి లేదంటే, లేదన్న మాటే వార్తగా వేయండి.

ఇట్లు,
రిటైర్డ్ అంగన్‌వాడీ టీచరు,
మంచిర్యాల జిల్లా