మా మట్టి నేల మీద 400 మీటర్ల ట్రాక్ గీసిచ్చినవారికి కృతజ్ఞతలు

మా డిగ్రీ కాలేజీ మైదానంలో రెండు రోజుల అథ్లెటిక్స్ మీట్ ఆదివారం సాయంత్రం ముగిసింది. మా వైపు సింథటిక్ ట్రాక్ మీద పరుగెత్తాలంటే హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి వెళ్లాలి. 2021 సెప్టెంబరులో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగిందీ అక్కడే. మాకున్నది మట్టి నేల, అంచున వేపచెట్లు, ఓ మూల పాత లాంగ్‌జంప్ గుంత. ఆ నేల మీద కొలతకు నిలబడే ఆరు లేన్ల ట్రాక్ పడిందంటే అది మా ఒక్కళ్ల పని కాదు.

మా కమిటీలో ఉన్న తొమ్మిది మందిమీ చిన్నప్పటి నుంచి ఆటలే లోకంగా పెరిగినవాళ్లం. డిగ్రీ చివరికొచ్చేసరికి ‘ఆటతోనే బతకాలంటే దారేది’ అన్న ప్రశ్న అందరికీ ఉంది. సాయానికి వచ్చినవాళ్లు మీట్ నడిపించడమే కాదు, ఆ ప్రశ్నకూ ఓపిగ్గా బదులిచ్చారు. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి వాళ్లు చేసిన పనినే రాస్తున్నాం. కొలతలతో సహా రాస్తే ఇంకో కాలేజీ పిల్లలకు అక్కరకొస్తుంది.

మొట్టమొదటి దండం రిటైరైన మా పీఈటీ సార్‌కు. నాలుగు రోజులు పొద్దున ఆరింటికే వచ్చారు. మేం పుస్తకంలో చూసి వంపులకు 36.50 మీటర్ల వ్యాసార్ధంతో సిద్ధమైపోయాం. సార్ అడిగిన మొదటి మాట: ‘లోపలి అంచుకు కర్బ్, అంటే గట్టు, ఉందా?’ లేదు. మొత్తం లెక్క అక్కడే మారిపోయింది. లోపలి అంచున ఎత్తైన కర్బ్ ఉంటే మొదటి లేన్ పొడవును దానికి 30 సెంటీమీటర్ల బయట కొలుస్తారు. ఒట్టి ముగ్గు గీత అయితే 20 సెంటీమీటర్ల బయట కొలుస్తారు, ఎందుకంటే కాలికి తగిలే అడ్డు లేనప్పుడు రన్నర్ గీతకు ఇంకాస్త దగ్గరగా పరుగెత్తుతాడు. కర్బ్ లేని నేల మీద 36.50 పెడితే మొదటి లేన్ 399.37 మీటర్లే వస్తుంది, 63 సెంటీమీటర్లు తక్కువ. కాబట్టి వ్యాసార్ధం 36.60 తీసుకోవాలి. రెండు స్ట్రెయిట్‌లు (వంపుల మధ్య సూటి భాగాలు) మాత్రం ఎప్పటిలాగే 84.39 మీటర్లు.

గీసిన వరుస ఇది. ముందు మైదానం నడుమ పొడవునా ఒక సూటి గీత వేసి, దాని మీద 84.39 మీటర్ల దూరంలో రెండు వంపుల కేంద్రాల దగ్గర ఇనుప మేకులు దిగ్గొట్టాం. ఒక్కో మేకు దగ్గర మధ్యగీత మీద 30, దానికి అడ్డంగా 40, ఏటవాలుగా 50 మీటర్లు కుదిరితే లంబకోణం వచ్చినట్టు. ఆ అడ్డగీత మీద రెండు వైపులా 36.60 దగ్గర గుర్తు పెడితే నాలుగు మూలలు తయారవుతాయి. సరిచూసుకోవడానికి సార్ ఒక చిట్కా చెప్పారు. ఒక కేంద్రం నుంచి అవతలి వైపు మూలకు టేపు పట్టండి, 91.98 మీటర్లు రావాలి. నాలుగు మూలలకూ అంతే రావాలి. మాకు ఒక మూల 92.05 వచ్చింది. చూస్తే టేపు లాగుడుకు మేకు ఒరిగింది. మళ్లీ దిగ్గొట్టి, పక్కన ఇంకో మేకు సాయంగా పెట్టాక కుదిరింది. ఈ పరీక్ష చేయకుండా వంపులు గీసి ఉంటే రెండు స్ట్రెయిట్‌లు సమాంతరంగా ఉండేవి కావు, ఆ సంగతి 400 మీటర్ల పరుగు అయ్యాకగానీ తెలిసేది కాదు.

వంపులకు నైలాన్ తాడు వాడనివ్వలేదు. లాగితే సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. రెండు కొసలా వలయాలు చుట్టిన జీఐ (జింకు పూత ఇనుప) తీగ తెచ్చారు. ఒకరు మేకు మీద కాలు నొక్కిపెట్టి నిలబడాలి. ఇంకొకరు తీగను నేలకు సమంగా, బిగువు మారకుండా పట్టుకుని వెనక్కి నడుస్తూ పెద్ద మేకుతో మట్టి మీద గాటు పెట్టాలి. నడుము ఎత్తులో పట్టుకుంటే తీగ ఏటవాలై వ్యాసార్ధం తగ్గిపోతుంది, కాబట్టి వంగే నడవాలి. తర్వాతి లేన్‌లకు 1.22 మీటర్ల చొప్పున పెంచుకుంటూ పోవడమే. ఐదు సెంటీమీటర్ల ముగ్గు గీత ఎప్పుడూ గాటుకు లోపలివైపే పడాలి, ఎందుకంటే కుడివైపు గీత ఆ లేన్ వెడల్పులో భాగం. గాటుకు బయట పోస్తే ప్రతి లేనూ ఐదు సెంటీమీటర్లు జరిగిపోతుంది.

స్టాగర్ దగ్గర, అంటే బయటి లేన్ల వాళ్లు ఎంత ముందు నుంచి మొదలుపెట్టాలన్న దగ్గర, మా లెక్క మరోసారి తప్పింది. పుస్తకంలో రెండో లేన్‌కు 7.04 అని ఉంటుంది. అది కర్బ్ ఉన్న ట్రాక్‌కు. కర్బ్ లేనప్పుడు రెండో లేన్ నుంచే 7.67 పడుతుంది: 400 మీటర్లకు 7.67, 15.33, 23.00, 30.66, 38.33. 7.04తో మొదలుపెట్టి ఉంటే మొదటి లేన్ తప్ప మిగతా ఐదుగురూ 63 సెంటీమీటర్లు ఎక్కువ పరుగెత్తేవారు. 200 మీటర్లకు ఇందులో సగం. 4×100 రిలేలో బేటన్ మార్చుకునే జోన్ ఇప్పుడు 30 మీటర్లు. పాత పుస్తకాల్లో 20 మీటర్లు, దానికి ముందు పది మీటర్ల పరుగు అని ఉంటుంది, దాన్ని పట్టుకుని గీయకండి.

ఏడు గీతలు కలిపితే దగ్గర దగ్గర మూడు కిలోమీటర్లు. మాకు 250 కిలోల ముగ్గు పట్టింది, ఆదివారం పొద్దున మళ్లీ దిద్దడానికి ఇంకో రెండు బస్తాలు. సున్నం చౌకగా వస్తుందని ఒకరు తెస్తే సార్ వెనక్కి పంపించేశారు. సున్నం కంట్లో పడితే చూపుకే ప్రమాదం, పడ్డ పిల్లల మోకాళ్ల గాయాల్లోకి పోతే మంట. ఆ పని మా చేత చేయనివ్వనందుకు విడిగా ఒక దండం.

ట్రాక్టర్, రోలర్ ఇచ్చిన అన్న డీజిల్ డబ్బులు కూడా తీసుకోలేదు. ముందురోజు సాయంత్రం ట్యాంకర్‌తో తడిపి, పొద్దున తడి ఆరీ ఆరనట్టు ఉన్నప్పుడు రోలర్ తిప్పారు. గుప్పెడు మట్టి పిసికితే ముద్ద కట్టాలి, చేతికి అంటకూడదు. బురదగా ఉన్నప్పుడు తిప్పితే రోలర్‌కు మట్టి పట్టి పెళ్లలు లేస్తాయి, మరీ ఎండితే అణగదు.

టైమింగ్‌కు వచ్చిన నలుగురు టెక్నికల్ అఫీషియల్స్‌కు ఎంత చెప్పినా తక్కువే. స్టాప్‌వాచ్ అందరి ఫోన్‌లోనూ ఉంది కదా అనుకున్నాం. వాళ్లు ఫోన్లన్నీ పక్కన పెట్టించి, మొదటి స్థానానికే మూడు వాచీలు పెట్టారు. చప్పుడు విని నొక్కకూడదు, కళ్లతో చూసి నొక్కాలి. 100 మీటర్ల అవతల ఉన్న స్టార్టర్ చప్పుడు ఫినిష్ దగ్గరికి చేరడానికి 0.3 సెకను పడుతుంది, ఆ మేరకు రన్నర్‌కు లేని వేగం వచ్చి చేరుతుంది. మా దగ్గర గన్ లేదు, చెక్క పలకల క్లాపర్. పలకలు కలిసే క్షణం కనబడాలని స్టార్టర్ వెనక నల్లగుడ్డ కట్టించారు. ముగింపులో చేయీ తలా కాదు, మొండెం గీత అంచును తాకినప్పుడు నొక్కాలి. మూడు వాచీల్లో రెండు ఒకటే చూపిస్తే అది, మూడూ వేరైతే నడిమిది, రెండే పనిచేస్తే ఎక్కువది. చేతి వాచీలో 11.32 వస్తే 11.4గా రాయాలి, 11.3 కాదు. మా పిల్లలు ఇంతకాలం ‘నాది 11.3’ అని చెప్పుకున్న వాటిలో చాలా వరకు ఈ లెక్కకు నిలవవు. అది తెలిసినా ఎవరూ నొచ్చుకోలేదు, సరైన టైమ్ తెలిసిందని సంతోషించారు.

గాలి కొలిచే పరికరం కూడా వాళ్లే తెచ్చారు. 100 మీటర్ల పరుగులో ఫినిష్‌కు 50 మీటర్ల ముందు, ఒకటో లేన్ పక్కన రెండు మీటర్ల లోపు, 1.22 మీటర్ల ఎత్తున పెట్టాలి. స్టార్ట్ నుంచి 10 సెకన్లు కొలవాలి, 100 మీటర్ల హర్డిల్స్‌కైతే 13 సెకన్లు. వెనక గాలి సెకనుకు 2.0 మీటర్లు దాటితే ఆ టైమ్ రికార్డుకు పనికిరాదు. ఇదంతా పెద్ద పోటీల గొడవ కదా అని అడిగితే విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ సంగతి చెప్పారు. ఆమె 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిదిరిలో, అదీ యూనివర్సిటీల మీట్‌లోనే, 100 మీటర్ల హర్డిల్స్ 13.03లో ముగించారు. అప్పటికి జాతీయ రికార్డు 2002 నాటి అనురాధా బిస్వాల్ 13.38. అయినా డోప్ పరీక్ష జరగలేదనీ, జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య తరఫు టెక్నికల్ డెలిగేట్ (సాంకేతిక పరిశీలకుడు) లేరనీ అది లెక్కలోకి రాలేదు. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో 13.09 వచ్చింది, గాలి 2.1. అదీ పోయింది. చివరికి ఆ మే నెల 10న సైప్రస్‌లోని లిమాసోల్‌లో 13.23తో రికార్డు ఆమె పేరు మీదికి వచ్చింది. ఆమె పరుగులో లోపం ఎక్కడా లేదు. గీత పక్కన నిలబడేవాళ్ల పని ఎంత బరువైందో ఆ మాట విన్నాక మాకు అర్థమైంది. మాలో ఇద్దరు రాష్ట్ర అథ్లెటిక్స్ సంఘం అఫీషియల్స్ పరీక్ష రాస్తామన్నది అప్పుడే. ‘ఇది నెల జీతం కాదు, పోటీలున్న రోజుల భత్యం. ఇంకో ఉద్యోగం ఉంచుకుని చేయండి’ అని వాళ్లు దాచకుండా చెప్పారు.

ఫిజియోథెరపిస్టు మేడమ్ ఉదయం నుంచి చీకటి పడేదాకా టెంట్ దగ్గరే ఉన్నారు. కండ పట్టేయడానికీ, చిట్లడానికీ తేడా చూపించారు. పట్టేసిన పిక్క మెల్లగా సాగదీస్తే వదులుతుంది. తొడ వెనక ఒకే చోట కత్తితో పొడిచినట్టు నొప్పి వస్తే సాగదీయకూడదు, ఆపేయాలి. ఐసు గుడ్డలో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు పెట్టాలి, నేరుగా చర్మం మీద కాదు. మొదటి రెండు రోజులు బామ్ రాసి మర్దన చేయొద్దు. ఓఆర్ఎస్ లీటరు ప్యాకెట్ లీటరు నీళ్లలోనే కలపాలి, రుచి కోసం అర లీటరులో కలిపితే మేలు కన్నా చెరుపు. ఎండదెబ్బకు మాట తడబడితే నీడలోకి తెచ్చి, ఒళ్లంతా నీళ్లు పోసి చల్లబరుస్తూనే 108కి ఫోన్ చేయాలి. ఇలాంటి పని చేయాలనుకునే చెల్లెళ్లకు మేడమ్ చెప్పింది ఒకటే: బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ)లో చేరాలంటే ఇంటర్‌లోనే బైపీసీ తీసుకోవాలి.

ఆదివారం బహుమతులు ఇచ్చాక, స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం వచ్చిన అన్న, పటియాలాలో కోచింగ్ డిప్లొమా చేసిన కోచ్ సార్ మైదానంలోనే గంటన్నర కూర్చున్నారు. అన్న ముందు మా చేతుల్లోని సర్టిఫికెట్లు చూశారు. కేంద్ర ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాలో ఫారం 1 దేశానికి ఆడినవారిది, ఫారం 2 జాతీయ పోటీల్లో రాష్ట్రానికి ఆడినవారిది, ఫారం 3 అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో యూనివర్సిటీకి ఆడినవారిది, ఫారం 4 జాతీయ పాఠశాలల పోటీలది. కాలేజీ మీట్‌లో బంగారం గెలిచినా ఆ కాగితానికి అక్కడ విలువ లేదు. మా మీట్‌దీ అంతే. యూనివర్సిటీ ఇంటర్ కాలేజ్ పోటీల్లో గెలిచి జట్టుకు ఎంపికైతేనే ఫారం 3 దాకా దారి. దాని మీద యూనివర్సిటీ క్రీడల డైరెక్టర్ లేదా ఆ బాధ్యత చూసే అధికారి సంతకం ఉండాలి, ప్రిన్సిపాల్ సంతకం చాలదు. పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా రాయించుకోవాలి. పోటీ అయిన వారంలోనే తీసుకోండి, ఏళ్లు గడిచాక ఆ రిజిస్టర్ దొరకడం కష్టం. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు 25 ఏళ్లు దాటకూడదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

కోచ్ సార్ రెండు దారుల్ని విడదీసి చెప్పారు. బడిలో ఆటలు నేర్పాలంటే ఇంటర్ తర్వాత డీపీఈడీ (వ్యాయామ విద్య డిప్లొమా) లేదా డిగ్రీ తర్వాత బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ), రెండూ రెండేళ్లవే. వీటి ప్రవేశ పరీక్ష పీఈసెట్‌లో రాతపరీక్ష ఉండదు, దేహదారుఢ్య పరీక్ష, ఒక ఆటలో నైపుణ్య పరీక్ష ఉంటాయి. నోటిఫికేషన్ వచ్చాక పరుగు మొదలుపెడితే ఆలస్యమే, ఆరు నెలల ముందే షాట్‌పుట్, లాంగ్‌జంప్ అలవాటు చేసుకోవాలి. డీఎస్సీలో పీఈటీ పోస్టుకు డీపీఈడీ, స్కూల్ అసిస్టెంట్‌కు బీపీఈడీ అడుగుతారు. ఒకే ఆటకు కోచ్ కావాలంటే 1961లో పటియాలాలో మొదలైన జాతీయ క్రీడా సంస్థ డిప్లొమా ఉంది. ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు నేర్చుకోవడానికి మంచిదే, డిప్లొమాకు మాత్రం సాటి కాదు. పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వెళ్లి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 (మేధో వైకల్యం ఉన్నవారి విభాగం)లో కాంస్యం తెచ్చిన దీప్తి జీవాంజి మన జిల్లా బిడ్డే. ‘అలాంటి పిల్ల మీ ఊరి బడిలో ఉంటే గుర్తుపట్టే కన్ను మీకు ఉండాలి’ అన్నారు సార్. మా తొమ్మిది మందిలో నలుగురు పీఈసెట్‌కు సాధన మొదలుపెట్టారు.

పీఈటీ సార్ తన 100 మీటర్ల ఇనుప టేపునూ జీఐ తీగనూ మా దగ్గరే ఉంచమన్నారు, చుట్టుపక్కల కాలేజీలు, బడులు అడిగితే ఇమ్మన్నారు. మీట్ తేదీకి వారం ముందు చెప్పండి, మాలో ఇద్దరం వచ్చి మొదటి వంపు గీసి చూపిస్తాం. తిరిగి ఇచ్చేటప్పుడు టేపును తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, పలుచగా నూనె రాసి చుట్టండి. ముగ్గు అంటుకుని ఉంటే మొదటి మీటరులోని అంకెలే ముందు చెరిగిపోతాయి.