నెట్ ఆగితే ముందు పింగ్ కొట్టండి

సంపాదకునికి,

విశాఖలో గాలివాన రాగానే నెట్ పోయిందని రౌటర్ ఆపి మళ్లీ వేయడమే మనకు తెలిసిన వైద్యం. డిగ్రీ ల్యాబుల్లో కమాండ్ల నిర్వచనాలు రాయించే బదులు, కేబుల్ పీకేసి కారణం కనిపెట్టమంటే మేలు. విండోస్‌లో ముందు ఐపీకాన్ఫిగ్ (ipconfig) కమాండ్ కొట్టి కంప్యూటర్ ఐపీ, అంటే నెట్‌వర్క్ చిరునామా, చూడాలి. చిరునామా 169.254తో మొదలైతే రౌటర్ నుంచి ఐపీ రాలేదన్నమాట. కేబులో, వైఫైయో చూసుకోవాలి. బాగుంటే గేట్‌వేకి (మన రౌటర్‌కి) పింగ్, అంటే జవాబు వస్తుందో లేదో చూసే కమాండ్, ఆపై బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కి. రెండూ పలికినా సైట్లు తెరుచుకోకపోతే అనుమానం సైట్ పేరును ఐపీగా మార్చే డీఎన్ఎస్ మీదే, దాన్ని అడిగి చూసే కమాండ్ ఎన్ఎస్‌లుకప్‌తో తేల్చుకోవచ్చు. గేట్‌వే ఒక్కటే పలికితే, దారిలో ఎక్కడ ఆగిందో చూపే ట్రేసర్ట్ (tracert) కొట్టాలి. మధ్యలో నక్షత్రాలు (*) కనిపిస్తే కంగారొద్దు, కొన్ని రౌటర్లు కావాలనే జవాబివ్వవు. లినక్స్‌లో పింగ్ తనంతట ఆగదు, కంట్రోల్ సీ నొక్కాలి.

– నెట్‌వర్క్ సిబ్బంది, గాజువాక